05/06 అంటే ఏ రోజు?

పెన్షన్ దరఖాస్తు నింపే ప్రోగ్రామ్‌లో పుట్టిన తేదీ గడి ఒకటుంది. గుమాస్తా అందులో 05/06/1964 అని కొట్టారు. ఆయన ఉద్దేశం జూన్ 5. ఆ కంప్యూటర్‌లో విండోస్ ఎక్కించినప్పుడు రీజియన్ సెట్టింగ్‌ను ఎవరూ మార్చలేదు, అది అమెరికాగానే ఉండిపోయింది. ప్రోగ్రామ్ ఆ తేదీని మే 6గా తీసుకుంటుంది. హెచ్చరిక రాదు, రికార్డు సేవ్ అయిపోతుంది. తేదీల తనిఖీ అనగానే శిక్షణ తరగతుల్లో ఫిబ్రవరి 30ని ఎలా ఆపాలో చెబుతారు. ఆ పని తేలిక. చెల్లుబాటయ్యే తేదీయే అయినా మనిషి అనుకున్నది కాని తేదీని పట్టుకోవడం కష్టం. విజువల్ బేసిక్ రోజుల నుంచి నేటి డాట్‌నెట్, జావా, క్యూటీ వరకు డెస్క్‌టాప్ సాధనాలను ఈ దృష్టితో చూస్తే, వాటిలో చాలావరకు మొదటి పనికే తయారయ్యాయని నా అంచనా. రెండో పనిని కొన్ని మరింత చెడగొట్టాయి కూడా.

ముందు లెక్క చూద్దాం. రోజు, నెల రెండూ 12కు మించని తేదీలు ఏడాదిలో 144. వాటిలో 1/1, 2/2 లాంటి పన్నెండింటిని ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలకు రెండేసి అర్థాలున్నాయి. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైగా రోజుల్లో, అంకెలు మాత్రమే చూసి రోజేదో నెలేదో ఏ ప్రోగ్రామూ తేల్చలేదు. ఎంత తెలివైన కోడ్ రాసినా ఈ సంఖ్య తగ్గదు. తగ్గాలంటే క్రమం ఏమిటో ముందే ఖరారు చేసి వాడేవారికి చెప్పాలి.

విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. ఆంధ్రదేశంలో ఆఫీసులకూ దుకాణాలకూ ఆసుపత్రులకూ ప్రోగ్రామ్‌లు రాసిన ఒక తరమంతా దాని మీదే చేయి తిప్పుకుంది. తేదీ తనిఖీకి అందులో ఈజ్‌డేట్ అనే ఫంక్షన్ ఉంది. ఇచ్చిన అక్షరాలను తేదీగా మార్చే వీలుందో లేదో చెప్పడమే దాని పని. ఆ మార్చడంలోనే చిక్కంతా ఉంది. అమెరికా సెట్టింగ్‌లో 05/06/2004 ఇస్తే మే 6 అంటుంది. 13/06/2004 ఇస్తే పదమూడో నెల లేదు కాబట్టి, తప్పని చెప్పకుండా తానే క్రమం తిరగేసి జూన్ 13 అనుకుంటుంది. ఒకే గుమాస్తా ఒకే పద్ధతిలో కొట్టిన వంద తేదీల్లో నెల మొదటి పన్నెండు రోజులవి తారుమారవుతాయి, మిగిలినవి సరిగ్గా పడతాయి. అన్నీ తప్పయితే మొదటి రోజే దొరికిపోయేది. కొన్ని మాత్రమే తప్పు కావడంతో ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

ఏడాదిని రెండంకెల్లో రాస్తే ఇంకా ఘోరం. 2011లో ఫిబ్రవరికి 28 రోజులే. కానీ ఈజ్‌డేట్‌కు 29/2/11 అని ఇస్తే అవునంటుంది. రోజు-నెల-ఏడాదిగా కుదరలేదు, నెల-రోజు-ఏడాదిగానూ కుదరలేదు, చివరికి ఏడాది-నెల-రోజుగా చదివి 2029 ఫిబ్రవరి 11గా నిల్వ చేస్తుంది. కొట్టినవారి తప్పును ఎత్తిచూపాల్సిన ఫంక్షన్, ఎలాగోలా అర్థం తీయాలని చూసి పద్దెనిమిదేళ్ల అవతలి తేదీని తెచ్చిపెట్టింది. 10:30 అని టైము కొట్టినా అది ఒప్పుకుంటుంది. 5/6 అని రెండు అంకెలే కొడితే ఈ ఏడాదిని తానే చేరుస్తుంది. ఇవేవీ బగ్‌లు కావు, దాన్ని అలాగే రూపొందించారు. వాడేవారు ఎలా రాసినా ఆదుకోవాలన్నది రూపకర్తల సదుద్దేశం. కబుర్లలో ఆ సదుద్దేశం పనికొస్తుందేమో గానీ రికార్డులకు పనికిరాదు.

తనిఖీ దాటిన తేదీకి డేటాబేస్‌కు వెళ్లే దారిలో మరో గండం ఉండేది. యాక్సెస్ డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్ వాక్యంలో హాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని, కంప్యూటర్ సెట్టింగ్ ఏదైనా సరే, యాక్సెస్ అమెరికా క్రమంలోనే చదివేది. టెక్స్ట్‌బాక్స్‌లోని అక్షరాలను నేరుగా అందులో అతికించినవారి ప్రోగ్రామ్‌లలో తెర మీద జూన్ 5, లోపల మే 6. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత డేట్‌టైమ్ రకానికి ఏడాది-నెల-రోజు క్రమంలో అడ్డగీతలు పెట్టి ఇచ్చినా, లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లీషైతే రోజు, నెల తిరగబడతాయి. గీతలేమీ లేకుండా 19640605 అని రాస్తే ఎక్కడైనా ఒకటే అర్థం. అయితే మేలైన మార్గం అసలు అక్షరాలుగా పంపకపోవడమే. పారామీటర్‌లో తేదీని తేదీగానే పంపితే ఈ గొడవంతా తప్పుతుంది.

డాట్‌నెట్ వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. 2005లో వచ్చిన రెండో వెర్షన్‌లో ట్రైపార్స్, ట్రైపార్స్‌ఎగ్జాక్ట్ అని రెండు పద్ధతులు చేరాయి. మొదటిది క్రమాన్ని తిరగేయదు గానీ ఇంకా ఊహిస్తుంది. ఏ క్రమంలో చదవాలో కంప్యూటర్ సెట్టింగ్‌ను అడిగి తెలుసుకుంటుంది, లేని ఏడాదిని కల్పిస్తుంది. రెండోది మనం ఇచ్చిన నమూనాకు సరిపోతేనే ఒప్పుకుంటుంది. ఫారంలో తేదీకి వాడాల్సింది రెండోదే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. దీన్ని వాడేటప్పుడు మనవాళ్లు తరచూ పడే గోతులు రెండున్నాయి. నమూనాలో నెలను పెద్ద ఎమ్ అక్షరాలతో రాయాలి. చిన్న ఎమ్ అంటే నిమిషాలు. చిన్నవి రాస్తే ప్రోగ్రామ్ ఆగదు, ప్రతి తేదీ జనవరిలో పడి నెల అంకె నిమిషాలుగా మారిపోతుంది. ఇక నమూనాలో మనం రాసే ఏటవాలు గీత అక్షరాలా ఆ గీత కాదు, ఆ దేశపు సెట్టింగ్‌లోని విభజన గుర్తు అని దాని అర్థం. విండోస్‌లో భారత ఇంగ్లీషు సెట్టింగ్‌కు ఆ గుర్తు అడ్డగీత. అమెరికా సెట్టింగ్‌తో రాసి పరీక్షించిన ప్రోగ్రామ్, విజయవాడలో ఎవరో బుద్ధిగా ఇండియా సెట్టింగ్ పెట్టుకున్న కంప్యూటర్‌లో సరైన తేదీలన్నిటినీ తిప్పికొడుతుంది. సెట్టింగ్‌తో నిమిత్తం లేని ఇన్‌వేరియంట్ కల్చర్‌ను చేతికిస్తే ఈ బాధ ఉండదు.

జావాలో కథ వేరు. పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఉదారంగా ఉంటుంది. జనవరి 32 అంటే ఫిబ్రవరి 1గా లెక్కకట్టి ఇస్తుంది. లీనియెంట్ గుణాన్ని ఫాల్స్ చేస్తే తప్ప కాదనడం దానికి తెలియదు. 2014లో జావా 8తో వచ్చిన కొత్త తేదీ లైబ్రరీ చాలా గొప్పది. కానీ అందులోనూ డిఫాల్ట్‌గా ఉండే స్మార్ట్ పద్ధతి 31/02/2023ను తప్పనకుండా ఫిబ్రవరి 28కి కుదిస్తుంది. స్ట్రిక్ట్ పద్ధతి పెట్టుకుంటేనే నిజమైన తనిఖీ జరుగుతుంది. దానికి ఏడాదిని వై అక్షరాలతో కాక యు అక్షరాలతో రాయాలి, లేకపోతే ఏ శకమో చెప్పలేదంటూ సరైన తేదీని కూడా తిరస్కరిస్తుంది. ఇది తెలియక స్ట్రిక్ట్ పనిచేయడం లేదని వదిలేసినవారు చాలామంది.

ఊహించే సాఫ్ట్‌వేర్ ఎంత దూరం పోగలదో జన్యుశాస్త్రవేత్తలు చూశారు. సెప్ట్1, మార్చ్1 అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు 1, మార్చి 1గా మార్చేసేది. జన్యు జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల నామకరణ సంఘం పేర్లనే మార్చుకుంది. సాఫ్ట్‌వేర్ అలవాటు కోసం శాస్త్రం తన పేర్లను మార్చుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

రెండంకెల ఏడాది విషయానికి వద్దాం. తొంభైల చివర్లో వై2కే పని మీద హైదరాబాద్ నుంచి ఎందరో తెలుగు ప్రోగ్రామర్లు అమెరికా వెళ్లారు. అప్పటి మరమ్మతుల్లో ఒకటి కిటికీ పద్ధతి: ఫలానా అంకె దాకా రెండువేల సంవత్సరాలుగా, ఆపైన పందొమ్మిది వందలుగా చదవడం. ఇబ్బందేమిటంటే ఒక్కో సాధనం కిటికీ ఒక్కోచోట ఉంది. 64 అని కొడితే విజువల్ బేసిక్ 1964 అంటుంది. పైథాన్‌లోని స్ట్రప్‌టైమ్ 68 దాకా కొత్త శతాబ్దంగా చదువుతుంది కాబట్టి 2064 అంటుంది. జావా కొత్త లైబ్రరీకి రెండంకెలిస్తే 2000 నుంచి 2099 వరకే తెలుసు. పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఇవాళ్టి నుంచి వెనక్కి 80 ఏళ్లు, ముందుకు 20 ఏళ్లు చూస్తుంది. డాట్‌నెట్‌లో హద్దు చాలాకాలం 2029గా ఉండి, 8వ వెర్షన్‌లో 2049కి జరిగింది. 1928లో పుట్టిన పింఛనుదారు ఏడాదిని 28 అని కొడితే వీటిలో చాలావాటి లెక్కన ఆమె 2028లో పుడుతుంది. పుట్టిన తేదీ గడిలో నాలుగంకెలు తప్పనిసరి చేయాలి. రెండు అంకెలు ఆదా చేసి బాగుపడ్డవారెవరూ లేరు.

చరిత్ర కూడా ఫారంలోకి చొరబడుతుంది. విండోస్ ఫారమ్స్‌లోని డేట్‌టైమ్‌పికర్ 1753 జనవరి 1 కంటే వెనక్కి పోదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్ రకానిదీ అదే హద్దు. క్యూటీలోని తేదీ గడికి డిఫాల్ట్ హద్దు 1752 సెప్టెంబరు 14. బ్రిటన్, దాని వలసలు పాత జూలియన్ క్యాలెండర్ వదిలి గ్రెగోరియన్‌కు మారింది ఆ ఏడాదే. సెప్టెంబరు 2 మర్నాడు సెప్టెంబరు 14 వచ్చింది, మధ్య పదకొండు రోజులు లేవు. మామూలు ఫారాల్లో ఈ హద్దు తగిలేది వేరే రూపంలో. డాట్‌నెట్‌లో విలువ ఇవ్వని తేదీ 1వ సంవత్సరం జనవరి 1గా ఉంటుంది. ఖాళీ గడిని తనిఖీ చేయకుండా పంపితే ఎస్‌క్యూఎల్ సర్వర్ దాన్ని తీసుకోక ఓవర్‌ఫ్లో అంటుంది. ఆ సందేశం చూసి జుట్టు పీక్కున్నవారికి మూలం 1752లో ఉందని ఎవరూ చెప్పరు.

లీపు సంవత్సరం నియమం అందరికీ వచ్చు, చేసేటప్పుడే జారిపోతుంది. 1900 లీపు కాదు, 2000 లీపు. ఎక్సెల్ మాత్రం ఇప్పటికీ 1900 ఫిబ్రవరి 29 ఉందంటుంది. లోటస్ 1-2-3లోని తప్పును, ఆ ఫైళ్లతో పొత్తు కుదరాలని ఉద్దేశపూర్వకంగానే ఉంచారు. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ సేవలు ఆగిపోయాయి. ఏడాది చెల్లే సర్టిఫికెట్‌కు గడువు తేదీని ఏడాది అంకెకు ఒకటి కలిపి లెక్కగట్టారు, 2013 ఫిబ్రవరి 29 అన్న రోజే లేదు. కాబట్టి నెలకు ఎన్ని రోజులో మీ సొంత కోడ్‌లో రాయకండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో తేదీని తనిఖీ చేయాలనే సరదా చాలామందికి ఉంటుంది. అది ఆకారాన్ని చూడగలదు గానీ క్యాలెండర్‌ను చూడలేదు. తెలుగువారికి మరొకటి చెప్పాలి. డాట్‌నెట్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంకె గుర్తుకు ౧౯౬౪ కూడా అంకెలే. ఆ తనిఖీ దాటిన తర్వాత వాటిని సంఖ్యగా మార్చే ఫంక్షన్ మాత్రం తెలుగు అంకెలను ఒప్పుకోక ప్రోగ్రామ్‌ను పడగొడుతుంది. తెలుగు కీబోర్డుతో నింపే ఫారమైతే ముందుగా ఆ అంకెలను మార్చుకోవాలి.

గడి ఆకారం గురించి వాదాలు ఎప్పటికీ తెగవు. మాస్క్ గడి అంకెల సంఖ్యను అదుపులో పెడుతుంది, కానీ ఖాళీగా వదిలినా దానిలో గీతలుంటాయి కాబట్టి ఖాళీయా కాదా అన్న పరీక్ష తప్పుతుంది. ఒక అంకె చెరిపి దిద్దబోతే మిగిలినవి జరిగిపోయి విసుగు పుడుతుంది. డేట్‌టైమ్‌పికర్‌లో చెల్లని తేదీ కొట్టడం కుదరదు, అదొక్కటే దాని గొప్ప. తెరిచేసరికి అందులో ఇవాళ్టి తేదీ ఉంటుంది. ముట్టుకోకుండా సేవ్ నొక్కితే ఇవాళ్టి తేదీయే నిజమైన జవాబులా నిల్వ అవుతుంది. ఖాళీగా వదిలే వీలు కావాలంటే చెక్‌బాక్స్ చూపించే గుణాన్ని ప్రత్యేకంగా పెట్టాలి, చాలామంది పెట్టరు. అపాయింట్‌మెంట్‌కో డెలివరీకో అది మంచి సాధనమే, దగ్గరి తేదీలకు వారం కనబడాలి. అరవై ఏళ్ల కిందటి పుట్టినరోజు కోసం నెలలు తిప్పించడం మాత్రం అన్యాయం. పుట్టిన తేదీలకు రోజు, నెల, సంవత్సరం అని పేర్లు రాసిన మూడు గడులు ఇవ్వాలని బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ మార్గదర్శకాలు చెబుతాయి. అవి వెబ్ కోసం రాసినవే అయినా డెస్క్‌టాప్‌కూ అంతే వర్తిస్తాయి. నా మొగ్గు మూడు గడుల వైపే, నెలను పేరుతో ఎంచుకునేలా చేస్తే ఇంకా మంచిది. అలా కుదరకపోతే ఒకే గడి ఇవ్వండి. కానీ కొట్టిన వెంటనే దాని పక్కన "5 జూన్ 1964, శుక్రవారం" అని మాటల్లో చూపండి. ఒకే గడి ఉన్నచోట పైన చెప్పిన 132 తేదీల చిక్కును తీర్చగలిగేది ఈ ఒక్క వరుసే. చూసేవారికి తప్పు క్షణంలో తెలుస్తుంది, ఏ ఫంక్షనూ అలా చెప్పలేదు.

ఎప్పుడు తనిఖీ చేయాలన్నది మరో పాత తగువు. గడి వదిలి వెళ్లగానే తప్పైతే మళ్లీ అందులోకే లాక్కొచ్చే కోడ్‌ను విజువల్ బేసిక్‌లో లాస్ట్‌ఫోకస్‌లో రాసేవారు. రెండు గడులకూ అలా రాస్తే ఒకదాన్నొకటి లాక్కుంటూ ప్రోగ్రామ్ బిగుసుకుపోయేది. ఆరో వెర్షన్‌లో వాలిడేట్ ఈవెంట్, కాజెస్‌వాలిడేషన్ గుణం చేర్చింది అందుకే. విండోస్ ఫారమ్స్‌లో వాలిడేటింగ్ ఈవెంట్‌ను రద్దు చేస్తే గుమాస్తా ఆ గడిలో బందీ అవుతారు. తేదీ రాసివున్న కాగితం పక్క గదిలో ఉంటే ఆలోగా మిగతా గడులు నింపుకోలేరు. ఫారం మూసేయాలన్నా కుదరని సందర్భాలుంటాయి. రాకపోకలను ఆపకుండా ఎర్రర్‌ప్రొవైడర్ గుర్తుతో తప్పును చూపించి, సేవ్ దగ్గర మాత్రం గట్టిగా ఆపడమే మర్యాద. సందేశం కూడా మనిషి మాటలా ఉండాలి. "చెల్లని తేదీ" అంటే ఏం దిద్దుకోవాలో తెలియదు, "2023 ఫిబ్రవరిలో 28 రోజులే ఉన్నాయి" అంటే తెలుస్తుంది.

క్యాలెండర్ పరీక్ష దాటిన తేదీకి లోకం పరీక్ష మిగిలే ఉంటుంది. పుట్టిన తేదీ రేపటిది కాకూడదు, ఉద్యోగంలో చేరిన తేదీ పుట్టుకకు ముందు ఉండకూడదు, బిల్లు ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆర్థిక సంవత్సరంలో పడాలి. ఇలాంటి నియమాలను అంకెలుగా కోడ్‌లో పాతిపెట్టినవారికి మన రెండు రాష్ట్రాలూ పాఠం చెప్పాయి. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61 అయింది. ఆ అంకె సెట్టింగ్‌ల పట్టికలో ఉన్న ప్రోగ్రామ్‌కు ఒక వరుస మార్పు సరిపోతుంది. ఫారం కోడ్‌లో ఉన్నదానికి మళ్లీ ప్రతి ఆఫీసుకూ తిరగాలి.

ఒక్క రోజు తేడాకు ఎంత విలువ ఉంటుందో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధన 56 చూస్తే తెలుస్తుంది. విరమణ వయసు నిండిన నెల చివరి రోజు దాకా ఉద్యోగంలో ఉంటారు. నెల మొదటి తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజే దిగిపోవాలి. 1 అని ఉన్నచోట 2 పడితే ఒక నెల జీతం తేడా. ఈ ఒక్క రోజు తేడా టైమ్ జోన్ వల్ల కూడా వస్తుంది. పుట్టిన తేదీని అర్ధరాత్రి సమయంతో కలిపి దాచి, సర్వర్‌లో యూటీసీకి మార్చితే, మన సమయం ఐదున్నర గంటలు ముందుంది కాబట్టి జూలై 1 కాస్తా జూన్ 30 సాయంత్రం ఆరున్నర అవుతుంది. పుట్టినరోజుకు టైమ్ జోన్ లేదు. దాన్ని సమయం లేని రకంలోనే ఉంచాలి. జావాలో లోకల్‌డేట్ 2014 నుంచి ఉంది, డాట్‌నెట్‌లో డేట్‌ఓన్లీ 2021లో వచ్చింది.

అన్నిటికంటే నేను ముఖ్యమనుకునేది, సమీక్షలు ఎక్కువగా పట్టించుకోనిది, తెలియని తేదీ. మన పల్లెల్లో పెద్దవాళ్లను పుట్టిన తేదీ అడిగితే తిథి చెబుతారు, సంవత్సరం పేరు చెబుతారు, లేదా దివిసీమ ఉప్పెన నాటికి నడకొచ్చిందని చెబుతారు. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చిందని మనకు తెలుసు, ఆ పిల్ల పుట్టిన రోజు మాత్రం ఎవరికీ తెలియదు. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు జూన్ ఒకటో జూలై ఒకటో వేసేసిన పుట్టినరోజులు లెక్కలేనన్ని. పూర్తి తేదీ ఇస్తే గానీ సేవ్ కానివ్వని ఫారం ఏం చేస్తుంది? గుమాస్తా చేత అబద్ధం కొట్టిస్తుంది. ఆ అబద్ధం క్యాలెండర్ పరీక్ష నెగ్గుతుంది, హద్దుల పరీక్షా నెగ్గుతుంది, కొన్నాళ్లకు కోర్టులో సాక్ష్యమవుతుంది. ఆధార్ నమోదులో పత్రంతో రుజువైన తేదీ, మనిషి చెప్పిన తేదీ, సుమారు తేదీ అని భేదం పాటించారు. చాలా పాత కార్డుల మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది. సామాన్య ఫారాలు కూడా దీన్ని అనుసరించాలి. ఏడాదిని తప్పనిసరి చేసి, నెలనూ రోజునూ ఖాళీగా వదలనిచ్చి, పక్కన "సుమారు" అనే ఒక గుర్తు పెడితే చాలు. డేటాబేస్‌లో ఒక కాలమ్ పెరుగుతుంది, అబద్ధాలు తగ్గుతాయి.

ఫారాలు రాసేవారికి ఒక మనవి. మీ ప్రోగ్రామ్‌ను ఆఫీసుకు అప్పగించే ముందు విండోస్ రీజియన్‌ను ఒకసారి అమెరికాకు, ఒకసారి భారత్‌కు మార్చండి. రెండుసార్లూ 05/06/1964, 13/06/1964, 29/02/2023, 01/07/28 కొట్టి, ఒక ఖాళీ గడితో కూడా సేవ్ నొక్కి, డేటాబేస్ తెరిచి అందులో ఏం పడిందో మీ కళ్లతో చూడండి.